మెరుపుకు దారి

ఒగ్గు కథలు చెప్పే కొమురెల్లిని హైదరాబాదు రేడియోవాళ్లు పిలిచారన్న కబురు ముందు కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలో పాకింది. ఆ తర్వాత ఆయన బిడ్డ సారక్క కాపురముంటున్న బెల్లంపల్లికి చేరింది. చేరిన పూట సారక్క పొయ్యి మీద కూర మాడిపోయింది. ఆమె కూర సంగతే మరిచి, బొగ్గుబాయి క్వార్టర్ల వరుసలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగెత్తింది.

"మా బాపు రేడియోల కథ చెప్తుండు! హైదరాబాదుల! శనివారం పొద్దుగూకంగ!"

అది 1960 ఎండాకాలం, రోహిణి ఎండలు మండుతున్న రోజులు. అప్పట్లో రేడియోలో చాలా కార్యక్రమాలు ముందే పట్టి పెట్టుకొని వేసేవి కావు. అక్కడ మనిషి మైకు ముందు నోరు తెరిస్తే, ఇక్కడ అదే క్షణంలో వినబడేది. తప్పిపోతే మళ్లీ దొరకదు. కొమురెల్లికి గంటసేపు ఇచ్చారు.

కొమురెల్లి ఊళ్లో కరెంటు లేదు, రేడియో లేదు. అందుకని భార్య దేవవ్వను వెంటబెట్టుకొని ముందు బిడ్డ ఇంటికి వచ్చాడు. ఆమెను ఇక్కడ దించి, డోలు కొట్టే తమ్ముణ్ని, తాళాలు వేసే మేనల్లుణ్ని తీసుకొని రైలెక్కాలని ఆయన ఏర్పాటు. వేలమంది జాతరల్లో బెదరని మనిషి, బిడ్డ ఇంట్లో అన్నం ముందు కూర్చొని ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"మనుషులు లేని అర్రల కథ ఎట్ల చెప్పాలె బిడ్డా? నా ముంగట ఒక డబ్బా పెడ్తరట. అది నవ్వదు, ఏడ్వదు, తలకాయ ఊపదు."

ఆ భయం ఎందుకో సారక్కకు తెలుసు. తండ్రి ఎక్కడ కథ చెప్పినా తల్లి ముందు వరుసలో కూర్చునేది. ఆయన చెబుతూ చెబుతూ ఆమె ముఖం చూసేవాడు. జనం అలిసిపోయారా, కథను ఉరికించాలా, కాసేపు నవ్వించాలా అన్నది ఆ ముఖంలోనే ఆయనకు తెలిసేది. నడుమనడుమ "దేవవ్వా, ఇంటున్నవా?" అని అడిగేవాడు. "ఇంటున్న, చెప్పు" అని ఆమె విసుక్కుంటే జనం గొల్లుమనేవారు.

"నువ్వు పో, నేను గీడ ఇంట," అంది దేవవ్వ. "పెండ్లయిన కాడికెల్లి ఇంటనే ఉన్న. డబ్బాలకెల్లి ఇంటె కొత్తగ ఏమొస్తది?"

ఆయన్ను రైలెక్కించి వచ్చాక మాత్రం, చెప్పులు విడవకముందే బిడ్డ చెయ్యి పట్టుకుంది.

"ఏమే సారక్క, గా డబ్బా మంచిగ పన్జేస్తదా?"

ఆ సంగతి సారక్కకూ తెలియదు. ఆమె భర్త మొగిలి బాయిలో బొగ్గు కొట్టే మనిషి. వరుస మొత్తంలో ఎవరికీ లేని రేడియోను, బదిలీ మీద పోతున్న ఒక సారు దగ్గర కొని, సైకిలు మీద పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. పెద్ద కర్ర పెట్టె. ముందు బంగారు రంగు గుడ్డ, దాని పైన చింతగింజంత ఆకుపచ్చ దీపం. స్టేషను సరిగ్గా దొరికితే ఆ దీపం కన్ను మూసినట్టు సన్నబడుతుందని అమ్మిన సారు చెప్పాడు. మొగిలి స్టేషను మార్చే బిరడా ఎంత తిప్పినా ఆ పచ్చకన్ను మూయలేదు. పెట్టెలోంచి అటుకులు వేయిస్తున్నట్టు చప్పుడు తప్ప మనిషి మాట రాలేదు.

"హైదరాబాదు దూరమాయె. ఎత్తు మీద తీగె గట్టాలె. గంతే, ఇంకేం ఫికర్ లేదు," అన్నాడు మొగిలి.

మర్నాడు పొద్దున పనిలోంచి వచ్చి, నిద్ర కూడా పోకుండా, అడవి నుంచి తెప్పించిన పొడుగాటి వెదురును ఇంటి ముందుకు ఈడ్చాడు. ఇంటి ముందు నుంచే కరెంటు తీగలు పోతాయి. వెదురును అరుగు పక్కన పాతి, దాని కొసకు రాగి తీగ కట్టి, రెండో కొసను ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి చుడితే పనైపోతుందని అతని లెక్క. వరుసలో సగం మంది చూడడానికి వచ్చారు. పక్కింటి శంకరవ్వ చంకలో బిడ్డతో, చేతిలో చీపురుతో నిలబడింది.

"సారక్క, నువ్వు గా కొస పట్టుకో, ఇడువకు!" అని అరిచాడు మొగిలి. సారక్క తీగ కొసను చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. మొగిలి వెదురును భుజం మీదికెత్తి నిలబెట్టాడు. గాలి వీచింది. వెదురు కొస కల్లు తాగిన మనిషిలా ఊగింది. దాని నుంచి వేలాడే తీగ గాలిలో ఉయ్యాలలూగుతూ కరెంటు తీగల వైపు పోయింది.

"మొగిలీ! ఇడువు! ఎనుకకు పడేయ్!"

ఆ కేక వీధి చివరి నుంచి వచ్చింది. బాయిలో కరెంటు పని చేసే ఫిట్టరు పర్శరాములు సైకిలును నడిరోడ్డు మీద వదిలేసి పరుగెత్తుకొస్తున్నాడు. ఆ గొంతులో ఏముందో గాని మొగిలి ఎందుకని అడగలేదు. వెదురును వెనక్కి తోసి పక్కకు దూకాడు. అది పెద్ద చప్పుడుతో ఇంటి గోడ పక్కన పడింది. శంకరవ్వ బిడ్డ ఏడుపు అందుకుంది.

పర్శరాములు ముందు మొగిలిని చూడలేదు. సారక్క దగ్గరికి వచ్చి, ఆమె చేతికి చుట్టుకున్న తీగను విప్పాడు.

"అన్నా, ఇంకా జానెడు దూరమున్నది గదా," అన్నాడు మొగిలి, నవ్వబోతూ.

"జానెడే ఉన్నది. రెండో కొస ఎవలి చేతిల ఉన్నదో సూసినవా?"

మొగిలి నవ్వు ఆగిపోయింది. భార్య చేతి మీద తీగ చుట్టిన ఎర్రటి గీతల వైపు చూశాడు. కరెంటు తీగల వైపు చూశాడు. అరుగు మీద చతికిలబడి తల పట్టుకున్నాడు.

పర్శరాములు పడిపోయిన వెదురును లేపకుండానే, దాని మొదలును మొగిలి తవ్విన గుంట దగ్గర పెట్టి నేల మీదే వీధి వైపు తిప్పాడు. వెదురు కొస కరెంటు తీగల కింద నుంచి అవతలికి పోయింది.

"సూడుండ్రి. ఇయ్యాల కాకున్నా రేపు గాలికి ఇది పడ్తది. పడ్తె ఎక్కడ పడాలె? తీగెల మీద పడాల్నా? కరెంటు స్తంభానికి ఏదీ కట్టొద్దు. తీగెలకు పైన ఒద్దు, కింద ఒద్దు, పక్కన ఒద్దు. పడినా అందనంత దూరంల పాతాలె."

"అయితే అవుతదా కాదా?" అని అడిగింది దేవవ్వ గడపలోంచి. "శనివారం మా ఆయన మాట్లాడ్తడు."

జాతరల్లో ముందు వరుసలో కూర్చునే ఆ ముఖాన్ని గుర్తుపట్టాక పర్శరాములుకు విషయం తెలిసింది. ఆయన ముఖం మీద చెమట ఇంకా ఆరలేదు గాని కళ్లు మెరిశాయి.

"కొమురెల్లన్న కథనా? ఏంది సారక్క, ముందుగాల చెప్పొద్దా? నా లగ్గంల కథ చెప్పింది ఆయనే గద! నడువుండ్రి పెరట్లకు!"

పెరడు వీధికి వెనకవైపు. అక్కడ కరెంటు తీగ లేదు, చెట్టు కొమ్మ లేదు. పర్శరాములు ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచి చూశాడు. ఎటు పడినా ఇంటి కప్పును దాటి వీధి తీగలను అందుకోలేని చోట రెండు గుంటలు గుర్తు పెట్టాడు. ఆ సాయంత్రానికి పెరడు పెండ్లి పందిరి వేసే ఇల్లులా తయారయింది. ఒకరు రెండో వెదురు తెచ్చారు, ఒకరు గుంట తవ్వారు, ఒకరు తాళ్లు పేనారు. ప్రతి వెదురుకూ మూడు దిక్కుల మూడు తాళ్లు లాగి మేకులకు కట్టారు. గాలి తగ్గే దాకా పర్శరాములు వెదుర్లు లేపనివ్వలేదు. నిచ్చెన ఎక్కేవాడికి కింద ఇద్దరు పట్టుకుంటే గాని ఎక్కనివ్వలేదు.

రెండు వెదుర్ల నడుమ రాగి తీగ సాగింది. దాని రెండు చివర్లా తాడుకూ తీగకూ మధ్య, కోడిగుడ్డంత తెల్లటి పింగాణి బిళ్లలు కట్టాడు.

"గివి ఎందుకు? సోకుకా?" అంది శంకరవ్వ.

"తీగెకు దొరికిన మాట తాడు ఎంబడి కారిపోవద్దని," అన్నాడు పర్శరాములు. ఆ జవాబు అందరికీ తెగ నచ్చింది. ఆ పూటంతా వరుసలో ఎవరైనా ఎక్కువ మాట్లాడితే, నోటికి ఒక బిళ్ల కట్టుమన్నారు.

తీగ కిటికీ దగ్గరికి దిగి వచ్చింది. ఇక రేడియోకు తగిలించడమే అనుకొని మొగిలి చెయ్యి చాపాడు. పర్శరాములు ఆపాడు.

"సగం పనే అయింది. ఇంత ఎత్తుల తీగె గట్టి ఊకుంటె, ఉరుములప్పుడు మెరుపును ఇంట్లకు పిలిచినట్టే. మెరుపు భూమిలకు పోయేదాక ఆగదు. నువ్వు దారి సూపియ్యకుంటె నీ ఇంట్లకెల్లి, నీ రేడియోలకెల్లి, నీ ఒంట్లకెల్లి పోతది. దానికి బయటబయటనే ఒక దారి పెడ్దాం."

బట్టలుతికే బండ పక్కన నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ లోతుగా గుంట తవ్వి, పొడుగాటి ఇనుప గొట్టం దించారు. చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేయాలన్నాడు పర్శరాములు. బొగ్గు అనగానే మొగిలి ఛాతీ విరిచి, కాలనీ కుప్ప నుంచి గంపెడు బాయి బొగ్గు తెచ్చి కుమ్మరించబోయాడు.

"అది కాదు. కట్టెబొగ్గు! పొయ్యిలది!"

"ఇంత బొగ్గు తవ్వుతున్న, నా ఇంటికి నా బొగ్గే పనికిరాకపాయె," అన్నాడు మొగిలి. ఆ మాటకు పర్శరాములు కూడా గుంటలోనే కూర్చొని నవ్వాడు. ఆడవాళ్లు ఇంటింటి పొయ్యిల నుంచి కట్టెబొగ్గులు చాటల్లో తెచ్చారు.

ఆ గొట్టం నుంచి లావుపాటి తీగ ఒకటి వంపులు లేకుండా గోడ వెంట కిటికీ దాకా వచ్చింది. కిటికీ బయట, వెనుక అరుగు మీద నుంచి చేయి చాపితే అందే ఎత్తున, పర్శరాములు ఒక మీట బిగించాడు. పైకి లేపితే వెదుర్ల మీది తీగ రేడియోకు కలుస్తుంది. కిందికి గుంజితే రేడియోను విడిచి నేరుగా భూమిలోని గొట్టానికి కలుస్తుంది.

"చెల్లె, నువ్వు ఇంట్ల ఉండే మనిషివి. ఇది నీ పని," అన్నాడు సారక్కతో. "రేడియోల చిటపట చిటపట అని చప్పుడు మొదలైతే, దూరంల ఎక్కడనో ఉరుముతున్నదని అర్థం. ఆకాశం తేటగున్నా సరే. అప్పుడే మీట కిందికి గుంజు. రేడియో ఎనుకకెల్లి తీగెలు పీకు, కరెంటు పీకు. మబ్బు నెత్తి మీదికి వచ్చినంక మాత్రం దాని దిక్కు పోనే పోవద్దు. వానొచ్చినంక గుంజుదాం అనుకుంటె అప్పటికే ఆలస్యం."

సారక్క మీటను పైకీ కిందికీ కదిలించి చూసింది. మళ్లీ చూసింది. తర్వాత పైకి లేపి, లోపలికి పోయి రేడియో పెట్టింది. కాసేపటికి పెట్టె లోపల వెచ్చటి వెలుగు వచ్చింది. మొగిలి బిరడాను వెంట్రుకవాసి కదుపుతూ పోయాడు. చప్పుడు పల్చబడింది. ఉన్నట్టుండి ఒక మనిషి, పక్కనే కూర్చున్నంత స్పష్టంగా, పత్తి ధరలు చదవడం మొదలుపెట్టాడు. పచ్చకన్ను మెల్లగా మూసుకుంది.

"హైదరాబాదు! హైదరాబాదే!"

పెరడంతా అరుపులు. పత్తి ధరలకు ఇంత సంబరపడ్డ జనాన్ని ఆ చదివే మనిషి ఎన్నడూ చూసి ఉండడు. దేవవ్వ రేడియో ముందుకు వచ్చి, గుడ్డ మీద అరచెయ్యి ఆనించి చూసింది. లోపలి గొంతు ఆమె చేతికి తగిలింది. చప్పున చెయ్యి తీసేసి, కొంగుతో మూతి తుడుచుకొని, ఏమీ ఎరగనట్టు వెనక్కి పోయి కూర్చుంది.

శనివారం వచ్చింది. సాయంత్రం కాకముందే పెరట్లో చాపలు, గోనెపట్టాలు పరిచారు. ఇచ్చోడ వైపు నుంచి వచ్చి బాయిలో చేరిన కుటుంబాలు, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు, కథలోని భాష సగమే అర్థమయ్యేవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. పర్శరాములుకు మాత్రం రెండో షిఫ్టు పడింది. బాయికి పోతూ సైకిలు దిగకుండానే అరిచాడు.

"చెల్లె, మీట యాదికున్నదా?"

"ఉన్నది అన్నా!"

సారక్క రేడియోను గోడ మీది చెక్క మీద పెట్టి వెనుక గుమ్మం తెరిచి ఉంచింది. దేవవ్వ మొదట పెరట్లో మూలకు కూర్చుంది. తర్వాత అరుగు మీదికి వచ్చింది. ఆ తర్వాత గుమ్మం లోపలికి, చివరికి రేడియో ముందుకు చేరింది. అనౌన్సరు గొంతు కొమురెల్లి పేరు, ఊరి పేరు చెప్పింది. పెరడు ఒక్కసారిగా ఈల వేసింది. "సప్పుడు జేయకుండ్రి!" అని మొగిలి అందరికంటే పెద్దగా అరిచాడు.

డోలు మోగింది. తాళాలు కలిశాయి. చేతిలోని ఒగ్గు, ఆ చిన్న డమరుకం, గలగలలాడింది. కొమురెల్లి మల్లన్నను తలుచుకొని గొంతెత్తాడు.

సారక్క ఒళ్లు జల్లుమంది. బాపు గొంతే. ఊళ్లో పొద్దున్నే గొర్లను అదిలించే గొంతు, తనను చంకనెత్తుకొని జాతరలు తిప్పిన గొంతు ఇప్పుడు ఈ కర్ర పెట్టెలోంచి వస్తోంది. జనం చప్పట్లు కొట్టారు. కాని దేవవ్వ ముఖంలో సంతోషం లేదు. మెడ ముందుకు చాచి వింటోంది.

"ఉరుకుతుండు," అంది మెల్లగా. "బెదిరిండు. గింత జల్ది చెప్పడు ఎప్పుడు. ముంగట మనిషి లేడు గద."

నిజమే. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఊపిరి తీసుకునే చోట కూడా ఆయన ఆగడం లేదు.

అప్పుడే రేడియోలో చిట్ మని ఒక చప్పుడు. కాసేపాగి మళ్లీ చిట్, చిటపట.

"హైదరాబాదుల ఏదో ఖరాబైనట్టున్నది," అన్నాడు మొగిలి.

సారక్క గుమ్మంలోకి వచ్చి చూసింది. పడమర ఇంకా ఎర్రగా, తేటగా ఉంది. ఉత్తరాన గుట్టల మీద మాత్రం నల్లటి గీత లాంటి మబ్బు. అది చూస్తుండగానే దాని అంచు ఒకసారి తెల్లగా వెలిగింది. ఉరుము వినబడలేదు. రేడియోలో మాత్రం అదే క్షణంలో చిటపటమంది.

ఆమె అరుగు మీదికి దిగి మీట మీద చెయ్యి వేసింది.

"ఏం జేస్తున్నవ్?" మొగిలి పరుగెత్తుకొచ్చాడు. "జర ఆగు సారక్క! చినుకు పడలే, ఉరుమే లేదు! ఇప్పుడిప్పుడే కథల వడ్తుండు!"

"నీ బాపు కథ నువ్వే బంద్ జేస్తవా!" అంది శంకరవ్వ.

"కూసో, కూసో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

సారక్క తల్లి వైపు చూసింది. దేవవ్వ రేడియో గుడ్డ మీద చెయ్యి ఆనించి ఉంది. ఆ చెయ్యి తీయలేదు. బిడ్డ వైపు చూసిన చూపులో ఆపుమనీ లేదు, కానిమ్మనీ లేదు. సారక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. గాలి ఒక్కసారిగా చల్లబడి ఆమె మెడకు తగిలింది.

మీట కిందికి గుంజింది.

కొమురెల్లి గొంతు తెగిపోయింది. ఆమె లోపలికి ఉరికి రేడియో కరెంటు పీకింది, వెనకున్న తీగలు పీకి, పెట్టెను కిటికీకి దూరంగా జరిపింది. పచ్చకన్ను ఆరిపోయింది. పెరట్లో గోలగోల. ఆమె గుమ్మంలో నిలబడి గొంతు చించుకుంది.

"లెవ్వుండ్రి! ఆ వెదురు కింద ఎవ్వలుండొద్దు! లోపటికి రాండ్రి, పక్కిండ్లకు పోండ్రి! తిట్టుండ్రి, ఎంతన్న తిట్టుండ్రి, లోపటికొచ్చి తిట్టుండ్రి!"

తిడుతూనే వచ్చారు. మొగిలి భార్యతో మాట్లాడకుండా గోనెపట్టాలు ఏరాడు. చివరి మనిషి లోపలికి వచ్చేసరికి మబ్బు గుట్టలు దాటి వచ్చేసింది. దుమ్ము లేచింది. వెదుర్లు తాళ్లను తెంపుకుంటామన్నట్టు కిర్రుమన్నాయి. మొదటి ఉరుము దొర్లింది. రెండోది దగ్గర్లోనే మోగింది.

మూడోసారి ముందు చప్పుడు రాలేదు. వెలుగు మాత్రం కనిపించింది. గోడల మీద మనుషుల నీడలు పగటిపూట పడ్డట్టు నిలబడి మాయమయ్యాయి. ఆ వెంటనే ఇంటి పునాదులు కదిలినట్టు పెద్ద చప్పుడు. ఇంట్లో బల్బు ఆరిపోయింది. పిల్లలు తల్లులను కరుచుకున్నారు. కాలిన వెదురు వాసన కిటికీలోంచి వచ్చింది.

మొగిలి గోడను తడుముకుంటూ వచ్చి సారక్క భుజం పట్టుకున్నాడు.

"మనోళ్లందరున్నరా?"

"అందరున్నరు."

వాన పెద్దగా పడలేదు. మబ్బు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా గోదావరి వైపు పోయింది. ఉరుములు దూరమై, తర్వాత వినబడడం మానేశాయి. అప్పుడు మొగిలి గుమ్మం తెరిచాడు. ఒక వెదురు కొస నుంచి నడుము దాకా నిలువునా చీలిపోయి ఉంది. దానికి కట్టిన రాగి తీగ ఎక్కడా లేదు, చిన్న చిన్న ముక్కలు నేల మీద నల్లగా పడి ఉన్నాయి. గోడ మీది మీట మసిబారింది. బట్టలుతికే బండ పక్కన గొట్టం చుట్టూ మట్టి పగిలి, సన్నగా ఆవిరి లేస్తోంది. మెరుపు దారి చూసుకొని అక్కడ దిగిపోయింది. అంతకు ముందు చాపలు పరిచిన చోటు ఆ చీలిన వెదురుకు పక్కనే ఉంది.

శంకరవ్వ చంకలో బిడ్డను గట్టిగా పొదువుకుంది. సారక్క చెయ్యి తీసుకొని కళ్లకద్దుకుంది.

బల్బు ఒకసారి మినుకుమని, ఆరి, మళ్లీ వెలిగింది. కరెంటు వచ్చింది.

"ఇంకా చెప్తుండొచ్చు," అంది దేవవ్వ హఠాత్తుగా. "గంట కాలే ఇంకా. అక్కడ చెప్తనే ఉంటడు, నేను ఇంటలేనని ఆయనకేం ఎరుక?"

"తీగె మొత్తం కాలిపాయె అవ్వా," అన్నాడు మొగిలి.

దేవవ్వ ఇల్లంతా చూసింది. ఆమె చూపు నడి ఇంట్లో, ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన దండెం మీద ఆగింది. దాని మీద మొగిలి బాయి బట్టలు ఆరేసి ఉన్నాయి.

"గది తీగె కాదా?"

ఇనుప తీగే. ఇంటి లోపలే ఉంది, రెండు చివర్లా కర్ర గుంజలకు కట్టి ఉంది, బల్బు తీగకు దూరంగా ఉంది. సారక్క బయటికి పోయి చెవులు రిక్కించింది. ఎక్కడా ఉరుము లేదు, ఉత్తరాన మబ్బు విడిపోయి చుక్కలు కనబడుతున్నాయి. లోపలికి వచ్చి బట్టలన్నీ ఒక్కసారిగా లాగి పారేసింది.

"తాకియ్యి!"

తీగ కట్టగా ఇంట్లో మిగిలిన రాగి ముక్కతో మొగిలి రేడియోను దండేనికి కలిపాడు. సారక్క కరెంటు పెట్టింది. పెట్టె వేడెక్కే దాకా ఆగడం ఎవరి వల్లా కాలేదు. పాలు పొంగడం కోసం చూసినట్టు అందరూ ఆ గుడ్డను చూస్తూ నిలబడ్డారు. ముందు హోరు. ఆ హోరు అడుగున ఎక్కడో, బావిలోంచి వచ్చినట్టు, డోలు.

"ఉన్నడు! చెప్తుండు!"

పచ్చకన్ను సగమే మూసుకుంది. దేవవ్వ చెవిని గుడ్డకు ఆనించింది. గది నిండా మనుషులున్నా ఊపిరి చప్పుడు లేదు. కొమురెల్లి ఇంకా ఉరుకుతూనే ఉన్నాడు. ఒకచోట మాట తడబడింది. వెనక డోలు కూడా తడబడి ఆగింది. గాలిలో ఉత్త హోరు మిగిలింది. ఆయన అక్కడ, ఖాళీ గదిలో, ఆ నవ్వని డబ్బాను చూస్తూ నిలబడిపోయి ఉంటాడు.

అప్పుడు హోరులోంచి, సన్నగా, కథలో లేని మాట వచ్చింది.

"దేవవ్వా, ఇంటున్నవా?"

దేవవ్వ రెండు చేతులతో పెట్టెను పట్టుకుంది.

"ఇంటున్న!" అని అరిచింది. "ఇంటున్న, చెప్పు! జర ఆగి ఊపిరి తీసుకొని చెప్పు!"

ఆ మాట హైదరాబాదుకు పోదని గదిలో అందరికీ తెలుసు. అయినా ఎవరూ నవ్వలేదు. రేడియోలో ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత పెద్దగా ఊపిరి తీసుకున్న చప్పుడు. డోలు నెమ్మదిగా, అడుగులో అడుగు వేసుకుంటూ అందుకుంది. కొమురెల్లి గొంతు దిగింది, స్థిరపడింది, జాతరలో చెప్పే గొంతైంది.

అక్కడి నుంచి చివరిదాకా ఆయన తప్పలేదు. కథ ముగిసి అనౌన్సరు మాట వినబడగానే ఆ ఇల్లు కప్పు లేచిపోయేట్టు అరిచింది. మొగిలి అత్తను ఎత్తి గిరగిర తిప్పాడు. "దించు అల్లుడా, దించు!" అని ఆమె కేకలు వేసింది గాని, ముఖమంతా తడిసిపోయి ఉంది.

కొమురెల్లి రైలు దిగి వచ్చేసరికి, పర్శరాములు పెరట్లో నిచ్చెన మీద ఉన్నాడు. కొత్త వెదురు నిలబెట్టడం అయిపోయింది. కింద మొగిలితో కలిసి నిచ్చెన పట్టుకున్నది సారక్క. మసిబారిన మీట స్థానంలో కొత్తది బిగించాలని, గొట్టం దగ్గరి మట్టి మళ్లీ తవ్వి చూడాలని ఆమే చెబుతోంది. పర్శరాములు సరే సరే అంటున్నాడు. వరుసలో సిద్దిరాములు అనే ఆయన కూడా రేడియో కొనబోతున్నాడట. తన పెరట్లో వెదురు ఎక్కడ పాతాలో చూడడానికి రమ్మని సారక్కను పిలిచి పోయాడు.

తండ్రి చీలిన వెదురును చేతితో తడిమాడు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఎట్లున్నది?"

"సురువుల ఉరికినవ్," అంది దేవవ్వ. "నడుమల నేనినలే, ఉరిమింది. ఆఖరుకు మంచిగ చెప్పినవ్."

"దసరాకు మళ్ల రమ్మన్నరు. రెండు గంటలిస్తరట." ఆ మాట చెబుతూ ఆయన పిల్లవాడిలా నవ్వాడు. పెరట్లో మళ్లీ ఈలలు లేచాయి. పర్శరాములు నిచ్చెన మీద నుంచే చప్పట్లు కొట్టబోయి, సారక్క కసురుకోవడంతో మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే నేను గూడ వస్త," అంది దేవవ్వ. "గా అర్రల డబ్బా పక్కపొంటి కూసుంట. ఎవ్వలొద్దంటరో సూస్త."

"మరి గీడ ఎవలింటరే అవ్వా?" అని అడిగింది సారక్క.

"మీరినుండ్రి. గా పేనిన తాళ్లు గుంజి గట్టుండ్రి, వానకాలం దగ్గర పడ్డది," అని దేవవ్వ కొంగు నడుముకు చుట్టి, తానే ఒక తాడు కొస అందుకుంది.